హాజరు, గైర్హాజరు: అలబామా యూనియన్ అశ్వికదళం జాడల వెంట ఏడు రోజులు

మొదటి రోజు: హంట్స్‌విల్, ఎల్క్‌మాంట్

ఖజానా శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి పదవీ విరమణ పొందినవాడికి దేశం మారినా చూపు మారదు. అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఇంటికి వచ్చిన రెండో వారంలో ఊళ్లోని పాత రైల్వే స్టేషను చూడడానికి వెళ్లినప్పుడు, అందరూ ఇంజన్ల దగ్గర ఫొటోలు దిగుతుంటే నేను గోడల మీది రాతలు చదువుతూ నిలబడిపోయాను. 1860లో కట్టిన ఆ మూడంతస్తుల ఇటుక భవనం గోడల మీద 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికులు గీసిన పేర్లు, బొమ్మలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1862 ఏప్రిల్ 11న జనరల్ మిచెల్ నడిపిన యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది కేంద్ర ప్రభుత్వ సైన్యం, ఈ ఊరిని పట్టుకున్నాక కొంతకాలం కాన్ఫెడరేట్ ఖైదీలను, అంటే దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల పక్షంవారిని, ఈ భవనంలోనే ఉంచారు.

ఇదే హంట్స్‌విల్‌లో 1865 అక్టోబరు 20న మొదటి అలబామా అశ్వికదళాన్ని విడుదల చేసి ఇళ్లకు పంపించారని చదివినప్పుడు, అది కాన్ఫెడరేట్ పటాలమే అయి ఉంటుందని మొదట అనుకున్నాను. కాదు, అది యూనియన్ పటాలం. యూనియన్ నుంచి విడిపోయిన రాష్ట్రంలో పుట్టి పెరిగి, ఆ రాష్ట్రం మీదికే గుర్రమెక్కి వెళ్లినవారు అందులో 2,066 మంది. ఒక్క దక్షిణ కరోలినా తప్ప విడిపోయిన రాష్ట్రాలన్నింటి నుంచీ కనీసం ఒక తెల్లజాతి దళమైనా యూనియన్ పక్షాన చేరిందనీ, అలా చేరినవారు మొత్తం లక్ష మంది దాకా ఉంటారనీ చరిత్రకారులు చెబుతారు. ఇందరి సర్వీసు రికార్డులు ఏ బీరువాలో ఉన్నాయో, వాటిలో ఏమి రాసి ఉందో చూడాలని అక్కడికక్కడే అనుకున్నాను. "రిటైరైనా నీకు రిజిస్టర్ల పిచ్చి పోలేదు నాన్నా" అని మా అబ్బాయి నవ్వాడు గాని, వారం రోజులు సెలవు మాత్రం పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే ఎల్క్‌మాంట్ వెళ్లాము. అక్కడ సల్ఫర్ క్రీక్ అనే వాగు మీద 72 అడుగుల ఎత్తున, 300 అడుగుల పొడవున ఒక కర్రల రైలు వంతెన ఉండేది. ఇప్పుడు వంతెనా లేదు, పట్టాలూ లేవు. పట్టాల దారిని నడకదారిగా మార్చారు. 1864 సెప్టెంబరు 25న ఈ వంతెనకు కాపలాగా ఉన్న కోట మీద కాన్ఫెడరేట్ జనరల్ ఫారెస్ట్ పడ్డాడు. కోటలో ఉన్న దళాల్లో మూడో టెన్నెసీ అశ్వికదళం ఒకటి. వీళ్లూ దక్షిణాదివారే, తూర్పు టెన్నెసీ కొండల రైతులు. లొంగిపోయినవారిలో నల్లజాతి సైనికులను మొబైల్ నగరంలో వెట్టిపనికి తోలారు. తెల్లజాతి సైనికులను కహాబా అనే ఊళ్లోని యుద్ధఖైదీల చెరకు పంపారు. ఏడు నెలలు ఆ చెరలో బతికి బయటపడ్డవారిని ఇళ్లకు చేర్చడానికి సుల్తానా అనే స్టీమరు ఎక్కించారు. 376 మంది పట్టే ఆ పడవలోకి రెండు వేల మందికి పైగా ఎక్కారు. 1865 ఏప్రిల్ 27న మెంఫిస్ దాటాక దాని బాయిలర్లు పేలాయి. 1,100 మందికి పైగా చనిపోయారు. యుద్ధం ముగిసి, చెర ముగిసి, ఇల్లు కొద్ది రోజుల దూరంలో ఉన్నప్పుడు వచ్చిన చావు అది. ప్రాణాలతో మిగిలిన టెన్నెసీవాళ్లు 1916లో నాక్స్‌విల్‌లో ఒక రాతి స్మారకం నిలబెట్టుకున్నారు.

రెండో రోజు: డబుల్ స్ప్రింగ్స్

పొద్దున్నే ఉప్మా తిని, పులిహోర డబ్బా కారులో పెట్టుకుని విన్‌స్టన్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) బయలుదేరాము. హంట్స్‌విల్ దాటాక పత్తి చేలు పలచబడి, ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయి, పైన్ చెట్ల కొండలు మొదలయ్యాయి. ఈ కథకు మూలం నేలలోనే ఉంది. పత్తి పండని రాతినేలలో బానిసలతో సేద్యం చేయించేవారు తక్కువ. 1860 జనగణనలో ఈ కౌంటీలో లెక్కకు వచ్చిన బానిసలు 122 మందే. బానిసలే లేని రైతు, బానిసలున్న దొర ఆస్తి కోసం తన కొడుకును యుద్ధానికి ఎందుకు పంపాలి? ఇక్కడివారిలో చాలామంది బానిసత్వం అన్యాయమని కాక, తమ జోలికి రావద్దనే యూనియన్ పక్షాన నిలబడ్డారన్నది నా అభిప్రాయం. వాళ్లను మహాత్ములుగా చిత్రించాల్సిన పనిలేదు.

1861 జనవరి 11న మాంట్‌గోమరీలో జరిగిన సభ 61–39 ఓట్లతో యూనియన్ నుంచి అలబామా విడిపోవాలని తీర్మానించింది. ఆ తీర్మానం మీద సంతకం చేయనని మొండికేసినవారిలో విన్‌స్టన్ ప్రతినిధి క్రిస్టఫర్ షీట్స్ ఒకడు. అప్పటికి అతను ఇరవై రెండేళ్లయినా నిండని బడిపంతులు. జైలుకు కూడా వెళ్లాడు. యుద్ధం ముగిశాక డెన్మార్క్‌లో అమెరికా కాన్సల్‌గా పనిచేశాడు, ఆ తర్వాత అమెరికా కాంగ్రెసుకూ ఎన్నికయ్యాడు. 1861 జులై 4న లూనీ అనే ఆయన సత్రం దగ్గర పెద్ద సభ జరిగిందనీ, ఒక రాష్ట్రం యూనియన్ నుంచి విడిపోగలిగితే ఒక కౌంటీ కూడా రాష్ట్రం నుంచి విడిపోవచ్చునని అక్కడ తీర్మానం చేశారనీ ఇక్కడివారు చెబుతారు. అది విని కాన్ఫెడరేట్ పక్షంవాడొకడు 'స్వతంత్ర విన్‌స్టన్ రాజ్యం' అంటూ వెక్కిరించాడట. ఆ వెక్కిరింపునే ఈ ఊరివారు బిరుదులా నిలుపుకున్నారు.

కౌంటీ కేంద్రమైన డబుల్ స్ప్రింగ్స్‌లో కోర్టు భవనం ముందు 1987లో నిలబెట్టిన విగ్రహం ఉంది. దూరం నుంచి చూస్తే మామూలు సైనికుడే. దగ్గరికి వెళ్తే నడినెత్తి నుంచి పాదాల దాకా నిలువునా గీత గీసినట్టు ఒక సగం యూనియన్ సైనికుడు, ఇంకో సగం కాన్ఫెడరేట్ సైనికుడు. చేతిలోని కత్తి విరిగి ఉంది. కింది ఫలకం మీద ఈ కౌంటీ నుంచి యూనియన్ వైపు 239 మంది, కాన్ఫెడరేట్ వైపు 112 మంది అని లెక్క రాశారు. అర్ధనారీశ్వరుణ్ణి చూసిన కళ్లకు ఆ రూపం కొత్తగా అనిపించలేదు గాని, కలిసిపోయిన రెండు సగాలకూ కొట్టుకున్న రెండు సగాలకూ ఉన్న తేడా ఆ విరిగిన కత్తిలో కనిపించింది.

1862 ఏప్రిల్‌లో కాన్ఫెడరేట్ ప్రభుత్వం నిర్బంధ సైనిక భర్తీ చట్టం తెచ్చాక, పటాలంలో చేరబోమన్న కొండవాళ్లు రాతి చరియల కింద, గుహల్లో తలదాచుకున్నారు. రాత్రిపూట ఇంటి ఆడవాళ్లు తిండి చేరవేసేవారు. ఆ జులైలో కర్నల్ అబెల్ స్ట్రెయిట్ డెకేటర్ నుంచి కొండల్లోకి వచ్చి పిలుపునిచ్చినప్పుడు షీట్స్ కూడా మాట్లాడాడు, 150 మంది దాకా వెంటనే చేరారు. వాళ్లను స్ట్రెయిట్ తన 51వ ఇండియానా పటాలంలో కలుపుకున్నాడు. రికార్డులు వెతికేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి: అలబామా కొండల్లో పుట్టి, ఇండియానా గడ్డ తొక్కనివాడి సర్వీసు కాగితం ఇండియానా కట్టలో దొరుకుతుంది. మా శాఖలో కూడా ఒక జిల్లా ఉద్యోగి ఫైలు డిప్యుటేషన్ మీద పోయి ఇంకో జిల్లాలో తేలేది.

మూడో రోజు: డేస్ గ్యాప్ నుంచి సెడార్ బ్లఫ్ దాకా

ఈ రోజంతా కారులోనే గడిచింది. 1863 ఏప్రిల్ చివర స్ట్రెయిట్ 1,500 మందికి పైగా సైనికులతో ఈ దారిన జార్జియా రైలుమార్గాన్ని తెంచడానికి వెళ్లాడు. గుర్రాలు చాలక కంచరగాడిదల మీద వెళ్లారు కనుక దాన్ని కంచరగాడిదల దళమని ఎగతాళి చేశారు. దారి తెలిసినవారని మొదటి అలబామా అశ్వికదళం నుంచి కొన్ని కంపెనీలను వెంట తీసుకున్నారు. ఏప్రిల్ 30న డేస్ గ్యాప్ దగ్గర ఫారెస్ట్ దళాన్ని ఎదుర్కొని నిలిచారు గాని, అప్పటి నుంచి మూడు రోజులు నిద్ర లేకుండా తరుముడే. గాడ్స్‌డెన్ దగ్గర బ్లాక్ క్రీక్ వంతెనను యూనియన్‌వాళ్లు తగలబెట్టి పోతే, ఎమ్మా శాన్సమ్ అనే పల్లెపిల్ల ఫారెస్ట్‌కు వాగు దాటే రేవు చూపించింది. 1907లో ఆమెకు విగ్రహం కట్టారు. దారి చూపిన ఆ పిల్లకు విగ్రహం దక్కింది, దారి చూపిన అలబామా అశ్వికులకు మాత్రం ఈ దారిలో నాకు ఒక రాయి కూడా కనిపించలేదు.

మే 3న సెడార్ బ్లఫ్ దగ్గర స్ట్రెయిట్ లొంగిపోయాడు. ఫారెస్ట్ దగ్గర అప్పటికి ఉన్నది ఐదారు వందల మందే. ఉన్న కొద్ది ఫిరంగులనే గుట్ట చుట్టూ తిప్పి తిప్పి చూపించి, చాలా ఉన్నాయని భ్రమింపజేశాడు. స్ట్రెయిట్ కాన్ఫెడరేట్ రాజధాని రిచ్‌మండ్‌లోని లిబ్బీ చెరలో పడి, 1864 ఫిబ్రవరిలో సొరంగం గుండా తప్పించుకున్నాడు. అతనితో పాటు పట్టుబడ్డ అలబామావాళ్లకు యుద్ధఖైదీ అన్న మర్యాద ఒక్కటే రక్షణ. పట్టుకున్నవారి దృష్టిలో వాళ్లు పరాయి దేశపు శత్రువులు కారు, ఇంటిదొంగలు.

నాలుగో రోజు: రెడ్ బే, కొరింత్

అలబామా, మిసిసిపి రాష్ట్రాల సరిహద్దులో రెడ్ బే అనే చిన్న ఊరు. దాని సమీపంలోని విన్సెంట్స్ క్రాస్‌రోడ్స్ దగ్గర 1863 అక్టోబరు 26న కర్నల్ జార్జ్ స్పెన్సర్ నడిపిన 650 మంది మొదటి అలబామా అశ్వికులు జనరల్ ఫెర్గూసన్ దళానికి ఎదురుపడి, తమకంటే ఎన్నో రెట్లున్న బలగం చేతిలో దెబ్బతిని చెల్లాచెదరయ్యారు. న్యూయార్క్‌లో పుట్టిన స్పెన్సర్ ఆ తర్వాత అలబామా నుంచే సెనేటర్ అయ్యాడు. ఇప్పుడక్కడ రోడ్డు, పొలాలు, ఒక పెట్రోలు బంకు ఉన్నాయి. పది నిమిషాలు నిలబడి బయలుదేరాము. ఆ 26వ తేదీ మాత్రం మనసులో ఉంచుకున్నాను.

మిసిసిపిలోని కొరింత్ ఊరి నడిబొడ్డున రెండు రైలు పట్టాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. ఒకటి మెంఫిస్ నుంచి తూర్పుకు, ఇంకొకటి మొబైల్ నుంచి ఉత్తరానికి. ఈ కూడలి కోసమే ఇరుసైన్యాలు వేలమందిని పోగొట్టుకున్నాయి. కొండల్లో దాక్కున్నవాళ్లు రాత్రుళ్లు నడిచి నడిచి చేరింది ఇక్కడికే. 1862 డిసెంబరులో పటాలం ఇక్కడ రూపుదిద్దుకుంది. పక్కనున్న గ్లెండేల్‌లో గుడారాలు వేసుకున్నారు. మొదట చేరిన కంపెనీలు చాలావరకు ఒక్క ఏడాదికే సంతకం పెట్టాయి. వాళ్లతో పాటు భార్యాబిడ్డలు కూడా వచ్చి పడ్డారు, ఊళ్లో ఉంటే ఇంటిని తగలబెడతారన్న భయంతో.

అదే కొరింత్‌లో, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఆరు వేల మంది దాకా నల్లజాతివారు ఒక శిబిరంలో ఉండి, పొలాలు సాగుచేసి, బడి పెట్టుకున్నారు. వాళ్లలోంచి మొదటి అలబామా పదాతిదళం లేచింది. ఒకే ఊళ్లో, ఒకే రాష్ట్రం పేరుతో, ఒకటి తెల్లవాళ్ల గుర్రపు పటాలం, ఇంకొకటి నల్లవాళ్ల కాల్బలం. మొదటిదానికి సొంత గుర్రం తెచ్చుకుంటే రోజుకు 40 సెంట్లు అదనంగా ఇచ్చే నియమం ఉంది. రెండోదానిలో చేరినవాళ్లకు తమ సొంతమని చెప్పుకోవడానికి మొన్నటిదాకా తమ ఒళ్లు కూడా లేదు. శిబిరం ఉన్నచోట ఇప్పుడు కాంస్య విగ్రహాలతో చిన్న ఉద్యానవనం కట్టారు. చదువుకుంటున్న పసిబిడ్డ బొమ్మ దగ్గర మా అబ్బాయి చాలాసేపు కూర్చున్నాడు.

సాయంత్రం జాతీయ శ్మశానవాటికకు వెళ్లాము. ఇక్కడ 1870 నాటికి సమాధి చేసిన 5,688 మందిలో పేరు తెలిసినవారు 1,793 మందే. పేరున్నవారికి గుండ్రటి తల ఉన్న పలకరాయి, డాలు ఆకారపు పల్లంలో పేరు, పటాలం. పేరు లేనివారికి నేలకు జానెడెత్తు కూడా లేని చదరపు పాలరాతి దిమ్మ, దాని నెత్తిన ఒక అంకె. పొలం సర్వేరాళ్లలా వరుసల వెంబడి వరుసలు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక దిమ్మ మీది నాచు వేలితో గీరితే అంకె పూర్తిగా కనిపించింది. అంతకు మించి అక్కడ చదవడానికి ఏమీ లేదు.

ఐదో రోజు: ప్రయాణం

వాషింగ్టన్ విమానం ఐదు గంటలు ఆలస్యమైంది. కారణం ఎవరూ చెప్పలేదు. ఆ ఐదు గంటలూ యూనియన్ సేనాని జనరల్ షెర్మన్ స్వీయచరిత్ర చదివాను. 1864లో అట్లాంటా నుంచి సముద్రం దాకా సాగిన దండయాత్రలో తన అంగరక్షకులుగా షెర్మన్ మొదటి అలబామా అశ్వికులనే పెట్టుకున్నాడు. వాళ్ల నాయకుడు లెఫ్టినెంట్ స్నెల్లింగ్ జార్జియావాడు. మిల్లెజ్‌విల్ దగ్గర ఒక రాత్రి మంట కాచుకుంటుండగా, అక్కడికి వచ్చిన ఒక ముసలి నల్లజాతి మనిషిని స్నెల్లింగ్ గుర్తుపట్టాడు. తన మేనమామో బాబాయో అయిన బంధువు ఇంట్లో బానిస అతను. నీలం యూనిఫారంలో ఉన్న తమ పిల్లదొరను ముసలాయన మొదట పోల్చుకోలేకపోయాడు. పోల్చుకున్నాక మోకాళ్ల మీద పడి, పిల్లదొర ప్రాణాలతో ఉన్నందుకు దేవుడికి దండం పెట్టాడు. ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ బంధువు ఇంటికి స్నెల్లింగ్ అనుమతి తీసుకుని వెళ్లాడు, తన గుర్రాన్ని అక్కడ వదిలి కొత్త గుర్రాన్ని తెచ్చుకున్నాడు. షెర్మన్ దీన్ని సరదాగానే రాశాడు. ఆ బంధువు ఆదరంగా పలకరించలేదని ఒక్క ముక్కలో చెప్పాడు గాని, తలుపు తీసినప్పుడు అతని ముఖం ఎలా ఉందో మాత్రం రాయలేదు.

ఆరో రోజు: జాతీయ పత్రాగారం

పెన్సిల్వేనియా అవెన్యూలోని జాతీయ పత్రాగారంలో ముందు పరిశోధకుల కార్డు చేయించుకోవాలి. సంచి, కోటు, పెన్ను లాకర్లో పెట్టాలి. లోపలికి పెన్సిలు మాత్రమే అనుమతి. మన రికార్డు రూముల్లో తడి చేతులతో, టీ గ్లాసులతో తిరగడం చూసినవాణ్ణి కనుక ఈ కట్టుదిట్టం నాకు ముచ్చటేసింది.

అలబామా యూనియన్ సైనికుల సర్వీసు రికార్డులు ఎం 276 అనే సంఖ్య కింద 10 మైక్రోఫిల్ము రీళ్లుగా ఉన్నాయి. రీలు యంత్రానికి తగిలించి పిడి తిప్పితే తెర మీద కార్డుల వెంట కార్డులు దొర్లుతాయి. ఇవి యుద్ధరంగంలో రాసినవి కావు. అసలు మస్టరు రోళ్లు చేతులు మారి మారి చిరిగిపోతుండడంతో 1880ల చివర నుంచి యుద్ధశాఖలో ఐన్స్‌వర్త్ అనే అధికారి గుమాస్తాలను కూర్చోబెట్టి, ఒక్కొక్క సైనికుడి ప్రస్తావనను విడి కార్డు మీదికి ఎత్తిరాయించాడు. అంటే గుడారంలో ఒక రాతగాడు చెవికి వినిపించినట్టు రాసిన పేరును ఇంకొక రాతగాడు పాతికేళ్ల తర్వాత కంటికి కనిపించినట్టు రాశాడు. ఒకే మనిషి ఇంటిపేరు మూడు కార్డుల్లో మూడు రకాలుగా ఉండడం అందుకే. మస్టరు అనే మాటకు మన పల్లెల్లో వివరణ అక్కర్లేదు. ఉపాధి పనికి వెళ్లే ప్రతి ఇంటికీ మస్టర్లో పేరు తప్పు పడితే కూలి ఏమవుతుందో తెలుసు.

ఒక సైనికుడి కార్డులు మాత్రం పూర్తిగా చదివాను. పేరు రాయను, ఆయన మునిమనవలు ఎక్కడో ఉండే ఉంటారు. వృత్తి రైతు, కళ్లు నీలం, ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. చేరిన చోటు గ్లెండేల్. రెండేసి నెలలకు ఒక కార్డు: హాజరు. హాజరు. హాజరు, గుర్రం సొంతం. 1863 అక్టోబరు కార్డులో గైర్హాజరు, 26వ తేదీ పోరులో కనబడలేదు. ఆ తర్వాతి కార్డులో ఒకే మాట: ఫరారీ. నేను పిడి తిప్పడం ఆపేశాను. విన్సెంట్స్ క్రాస్‌రోడ్స్‌లో మేము పది నిమిషాలు నిలబడ్డ నేల మీద తప్పిపోయినవాడు, లెక్క కుదరక, కంపెనీ గుమాస్తా చేతిలో పారిపోయినవాడయ్యాడు. ఈ పటాలంలో ఫరారీలుగా నమోదైనవారు 279 మంది, చెరపట్టబడ్డవారుగా నమోదైనవారు 88 మంది, పోరులోనూ రోగాలతోనూ చెరలోనూ చనిపోయినవారు 345 మంది అని లెక్క. ఆ 279లో నిజంగా పారిపోయినవారు ఎందరో, భార్యను చూడడానికి కొండకు వెళ్లి తిరిగి వచ్చినవారు ఎందరో, ఇలా రాతలో పారిపోయినవారు ఎందరో ఆ అంకె చెప్పదు. కొందరికి ఇంకొక చిక్కు ఉంది: నిర్బంధంగా కాన్ఫెడరేట్ పటాలంలో చేర్చగా తప్పించుకుని వచ్చినవాడు ఆ పక్షం కాగితాల్లోనూ ఫరారీయే.

ఆయన కార్డుల చివరికి తిప్పితే ఇరవై ఏళ్ల తర్వాతి యుద్ధశాఖ చీటీ కనిపించింది. ఆరోజున శత్రువు చేతికి చిక్కినట్టు విచారణలో తేలినందున ఫరారీ అభియోగాన్ని తొలగించడమైనది. మా శాఖలోనైతే దాన్ని సవరణ ఉత్తర్వు అంటాము. సవరణ వచ్చినా పాత ఎంట్రీని కొట్టివేయరు, పక్కన ఎర్ర సిరాతో రాస్తారు. ఇక్కడా అంతే.

సాయంత్రం నడుచుకుంటూ పాత పింఛను భవనానికి వెళ్లాను. యూనియన్ సైనికుల పింఛన్లు చూడడానికే మాంట్‌గోమరీ మెగ్స్ 1880లలో కట్టించిన ఆ ఎర్ర ఇటుక భవనం ఇప్పుడు మ్యూజియం. దాని చుట్టూ 1,200 అడుగుల పొడవున మట్టిబొమ్మల పట్టీ ఉంది. పదాతులు, ఫిరంగులు, అశ్వికులు ఆగకుండా నడుస్తూనే ఉంటారు. ఆ గుర్రాలన్నీ బాగా మేసిన గుర్రాలు. లోపల 75 అడుగుల స్తంభాలు చూసి, మా ఉప ఖజానాలోని కారే కప్పు గుర్తొచ్చింది.

ఏడో రోజు: పింఛను ఫైలు

అదే సైనికుడి భార్య కుటుంబ పింఛను ఫైలుకు నిన్ననే చీటీ ఇచ్చాను. ఇది ఫిల్ము కాదు, కాగితమే. మూడు మడతలు పెట్టిన పాత కాగితాల కట్ట. విప్పగానే కొబ్బరిపీచు వాసన లాంటిది వచ్చింది. 1890 చట్టం ప్రకారం తొంభై రోజుల సర్వీసు, గౌరవప్రదమైన విడుదల ఉన్నవారి వితంతువుకు నెలకు 8 డాలర్లు. ఆ గౌరవప్రదమైన విడుదల అన్న మాట కోసమే ఫరారీ చెరిపించుకోవలసి వచ్చింది. పెళ్లి జరిగినట్టు కాగితం లేదు, కోర్టు తగలబడిపోయిందట. అందుకని కుటుంబ బైబిలు నుంచి పిల్లల పుట్టినరోజులు రాసిన పేజీని చింపి పంపింది. పెళ్లి చూసినవారు ఇద్దరు, ప్రసవం చేసిన మంత్రసాని ఒకరు వాంగ్మూలాలు ఇచ్చారు. ప్రతి వాంగ్మూలం కిందా గుమాస్తా చేతిరాతలో పేరు, పేరు మధ్యన గజిబిజిగా ఒక గుణకారపు గుర్తు. మన దస్తావేజుల్లో నిశానీ అంటాము. ఆమె నిశానీ ఒక చోట కాగితం చిల్లు పడేంత గట్టిగా ఉంది.

ఈ ఫైలులోనే ఆమె మామగారి నష్టపరిహారం దావా ప్రస్తావన కూడా వచ్చింది. యూనియన్ సైన్యం తీసుకుపోయిన పశువులకు, మొక్కజొన్నలకు పరిహారం ఇవ్వడానికి 1871లో ముగ్గురు సభ్యులతో ఒక కమిషను వేశారు. యుద్ధమంతా విధేయంగానే ఉన్నామని నిరూపించుకోవడానికి ఎనభై దాకా ప్రశ్నలకు జవాబు చెప్పాలి. 22,298 దావాల్లో ఎంతో కొంత దక్కినవి మూడో వంతు కన్నా తక్కువే. అడిగింది ఆరు కోట్ల డాలర్లు, ఇచ్చింది 46 లక్షలు. ఈ ముసలాయన అడిగింది ఒక కంచరగాడిద, కొంత పందిమాంసం. కొడుకు యూనియన్ గుర్రపు దళంలో ఉన్నా, దావా కొట్టేశారు.

కట్ట అడుగున అరచేతి సైజు అచ్చుచీటీ ఉంది. చివరిసారి చెల్లించిన పింఛను 12 డాలర్లు, జాబితా నుంచి తొలగింపునకు కారణం మరణం. మా దగ్గరా సరిగ్గా ఇంతే ఉండేది. ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం రాని ముసలమ్మ పేరు పక్కన నేను ఎన్నిసార్లు రాశానో.

కాగితాలు వచ్చిన వరుసలోనే సర్ది, మడతలు పాత మడతల మీదే పడేలా చూసి, నాడా చుట్టాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయి కట్టను అటూ ఇటూ తిప్పి చూసి, ముడి బాగా వేశారని మెచ్చుకుంది.